బండల మీద మూడు రోజులు



సంక్రాంతి సెలవుల్లో అయ్యగారు మూడు రోజులు ఫోన్ ఎత్తలేదేమని చాలామంది అడిగారు. కొండల్లో సిగ్నల్ లేదు, అంతే. ఏడుగురం వెళ్ళాం. నేను, కాలేజీ చదువుతున్న యౌవనస్థులు ఐదుగురు (మదనపల్లె వాళ్ళు ఇద్దరు, పుంగనూరు వాళ్ళు ఇద్దరు, కుప్పం నుంచి ఒకడు), దారి చూపడానికి మన సంఘంలోని ఒక రైతు సహోదరుడు. మా ఊరి వెనక కొండ ఎక్కి, బాట లేని చోట బండల మీదుగానే ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకు నడిచి, మూడో రోజు హార్స్లీ హిల్స్ పైకి చేరి, అక్కడ నుంచి ఆర్టీసీ బస్సులో దిగివచ్చాం. చివరి రోజు నడిచింది రిజర్వు ఫారెస్టు గనుక అటవీశాఖ వారిని ముందే అడిగి అనుమతి తీసుకున్నాం. మీరెవరైనా వెళ్ళాలనుకుంటే అది మరిచిపోకండి. అక్కడ ఎలుగుబంట్లు ఉన్నాయి, చిరుతలు ఉన్నాయి. అనుమతి లేకుండా పోవడం ధైర్యమేమీ కాదు.

హార్స్లీ హిల్స్ అంటే మనకు ఘాట్ రోడ్డు, టూరిజం వారి గదులు, వ్యూ పాయింటు దగ్గర ఫోటోలు. ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు మేపి పెంచిన మల్లమ్మ అనే పిల్ల అక్కడి చెంచులకు మందులిచ్చి కాపాడిందనీ, ఒకనాడు కనపడకుండా పోయిందనీ పాతకాలం వాళ్ళు చెప్పే కథ. మన విశ్వాసం వేరు. అయినా దిక్కులేని ఒక పిల్లను అడవి సాకిందనీ, ఆ పిల్ల పెరిగి దిక్కులేని వాళ్ళను సాకిందనీ చెప్పుకున్న జనం మీద నాకు గౌరవమే. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్లీ దొర పందొమ్మిదో శతాబ్దంలో ఎండాకాలం ఉండడానికి పైన ఇల్లు కట్టించుకున్నాక ఈ పేరు వచ్చింది. ఎత్తు 1,265 మీటర్లు. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది గనుక మనం ఎక్కేది దాదాపు 570 మీటర్లు. రోడ్డు మీద బస్సులో కూర్చుంటే ఇది తెలియదు. వీపున సంచి పెట్టుకుని బండల మీద పోతే మోకాళ్ళకు తెలుస్తుంది.

సెమినరీలో ఉన్నప్పుడు ఒక పుస్తకంలో జాన్ మ్యూర్ గురించి చదివాను. 1838లో స్కాట్లాండులో పుట్టి, అమెరికాలో సియెర్రా నెవాడా అనే కొండల్లో ఏళ్ళ తరబడి ఒంటరిగా తిరిగినవాడు. రొట్టె, టీ పొడి తప్ప పెద్దగా ఏమీ మోసుకుపోయేవాడు కాదట. తండ్రి కఠినమైన భక్తిపరుడు. పదకొండేళ్ళు వచ్చేసరికే కొత్త నిబంధన అంతా, పాత నిబంధనలో ముప్పాతిక వంతు కంఠతా వచ్చేట్టు చేశాడు, అదీ బెత్తం దెబ్బలతో. మన సండే స్కూలు పిల్లలు ఇది చదివి భయపడనక్కర్లేదు. ఆ కొండలవీ మన కొండలవీ రాయి ఒకే జాతిది, గ్రానైటు. అక్కడ మంచుగడ్డలు జారి రాయిని తొలిచిన పల్లాల్లో వందలాది సరస్సులు ఏర్పడ్డాయి. ఇక్కడ మంచు లేదు, అంత పెద్ద సరస్సులూ లేవు. మనకున్నవి దొనలు.

దొన అంటే పట్నంలో పెరిగిన పిల్లలకు తెలియకపోవచ్చు. కొండ నెత్తిన బండలో నీళ్ళు నిలిచే గుంట. కొన్ని తాంబాళం అంత ఉంటాయి, కొన్ని మన చర్చి లోపలి హాలంత ఉంటాయి. ఎవరూ తవ్వినవి కావు. బండ మీద చిన్న పల్లం ఉంటే వాన నీరు అందులో ఆగుతుంది. ఆ నీరు రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లగా మెత్తబరుస్తుంది, రవ్వ ఊడి ఇసుక అవుతుంది. ఎండాకాలం నీళ్ళు ఇంకిపోయాక గాలి ఆ ఇసుకను ఊడ్చేస్తుంది. మరుసటి ఏడు ఇంకొన్ని నీళ్ళు పడతాయి. ఇట్లా ఎన్ని వేల ఏళ్ళో. మన వైపు రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు, సియెర్రా నెవాడా రాయి దాదాపు 10 కోట్ల ఏళ్ళదే. ఈ లెక్కల దగ్గర కొందరు పెద్దలు నాతో వాదానికి దిగుతారు. నేను వాదించను. మోషే రాసిన 90వ కీర్తన ఒకసారి చదవమంటాను. దేవుని దగ్గర వెయ్యేళ్ళ లెక్క ఎట్లా ఉంటుందో అక్కడుంది.

ఇక ఆ సహోదరుని గురించి. పేరు రాయను. ఈ సంగతులు రాయమన్నది అతడే, పేరు వద్దన్నదీ అతడే. టమోటా రైతు, నలభైకి ఇంకా రెండేళ్ళు తక్కువ. చిన్నప్పుడు ఆ గుట్టల్లోనే మేకలు కాసినవాడు. గడిచిన రెండేళ్ళలో మూడు బోర్లు వేశాడు, మూడూ పోయాయి. మదనపల్లె మార్కెట్ సంగతి మీకు నేను చెప్పాలా? ధర ఉన్నప్పుడు లారీలు దేశమంతా పోతాయి, లేనప్పుడు రోడ్డు పక్కన పారబోస్తారు. ఇతనికి ధర ఉన్న ఏడు పంట లేదు, పంట ఉన్న ఏడు ధర లేదు. డిసెంబరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అతని భార్య పాస్టరమ్మ దగ్గరికి వచ్చి ఏడ్చింది. "అమ్మా, వారం దినాలుగా అన్నం సరిగ్గా తినడం లేదు. రాత్రిపూట లేచిపోయి బోరు కాడ కూర్చుంటా ఉండాడు" అనింది.

అందుకే అతన్ని దారి చూపడానికి రమ్మని అడిగాను. "నాకేం పని లేదు లే అయ్యగారూ, వస్తా" అన్నాడు.

మొదటి రోజు నేను అతనితో ఏమీ మాట్లాడలేదు. కావాలనే. 1 రాజులు 19లో ఏలీయా చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు ఒక్క ప్రసంగమూ చేయలేదు, గమనించారా? దూత తట్టి లేపి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్ళు. ఆ తరువాతే నడక, అదీ నలభై రోజులు. ఏలీయాను దేవుడు ప్రశ్నించింది ఆ నడక అంతా అయ్యాకే. నేను చాలా ఏళ్ళు ఈ అధ్యాయం మీద ప్రసంగాలు విన్నాను, మెల్లని స్వరం దగ్గరికే అందరూ పరుగెత్తుతారు. రొట్టె దగ్గర ఆగేవాళ్ళు తక్కువ.

మా సంచుల్లో రాగి రొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి, బొరుగులు, ఉలవ గుగ్గిళ్ళు, బెల్లం, టీ పొడి. తలా మూడు లీటర్ల నీళ్ళు. పరుచుకోవడానికి పట్టలు, ఒక మోకు, టార్చిలైట్లు.

బండ మీద నడవడం ఒక విద్య. అది సహోదరుడు నేర్పాడు, నేను కూడా మీ అందరిలాగే రోడ్డు మనిషినే. తెల్లటి, గరుకైన బండ మీద కాలు ధైర్యంగా పెట్టొచ్చు. నల్లటి చారలు దిగిన చోట వాన నీరు పారుతుంది, అక్కడ సన్నటి పాచి ఉంటుంది, తడి తగిలితే సబ్బు. దిగేటప్పుడు కాలు అడ్డంగా పెట్టాలి, మడమ ముందు వేయకూడదు. బోదగడ్డి దట్టంగా ఉన్న చోట కింద నేల ఉందో, రెండు గుండ్ల మధ్య సందు ఉందో కర్రతో పొడిచి చూడాలి. కొన్ని చోట్ల అడుగు వేస్తే బండ డొల్లగా మోగుతుంది. ఉల్లిపాయ పొరల్లాగా పైపొర లేచి ఉంటుందన్నమాట. పగలంతా ఎండకు సాగి రాత్రి చలికి ముడుచుకోవడం, పైనున్న బరువు తగ్గేకొద్దీ రాయి విప్పారడం, రెండూ కలిసి అట్లా పొరలు లేపుతాయి. ఆ పొరలు చూసే మన వడ్డెర వాళ్ళు బండ మీద మంట పెట్టి పలకలు లేపేవాళ్ళు. మా ఊరి పాత ఇళ్ళ కప్పులు, కల్లాల చుట్టూ పాతిన కూసాలు ఆ పలకలే.

కుప్పం పిల్లవాడు వాళ్ళ ఊరి దగ్గర కొండలు ఎట్లా తగ్గిపోతున్నాయో చెప్పాడు. కుప్పం గ్రీన్ అనే పేరు గ్రానైటు కొట్లలో మీరూ వినే ఉంటారు. వాళ్ళ నాయన క్వారీలో పని చేసే ఆ పిల్లవాణ్ణి చదివించాడు, కాబట్టి క్వారీ పాపమని నేను పుల్పిట్ ఎక్కి అనను. కానీ దిమ్మెలుగా కోసేసిన కొండకు మళ్ళీ దొన పుట్టదు. ఆ కొండ కింద చెరువుకు మునుపటిలాగా నీళ్ళూ దిగవు. మనవాళ్ళు ఎప్పుడో కట్టిన గొలుసుకట్టు చెరువులన్నీ ఈ బోడికొండల మీద పడిన వానను నమ్ముకునే కట్టారు. మా వంటింటి అరుగు మీదా గ్రానైటే ఉంది. అది చూసినప్పుడు ఏదో ఒక దొన గుర్తుకొస్తుంది నాకు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక గట్టు మీద చిక్కుకున్నాం. ముందుకు పోయేకొద్దీ సన్నబడి, చివర మూడు నిలువుల లోతు తెగిపోయింది. కింద చూస్తే గడ్డి, ఆ పక్కనే మేం పోవలసిన కనుమ. మోకు కట్టి దిగుదామని పిల్లలు. ఒకడైతే అప్పటికే సంచి దించాడు. సహోదరుడు కూర్చుని అటూ ఇటూ చూసి తల అడ్డంగా ఊపాడు. "వెనక్కి పోదాం. దిగేదానికి దారి కానరాకపోతే ఎక్కిన దారినే పోవల్ల. అదన్నా తెలుసు కదా." వెనక్కి పోయి ఇంకో పక్క నుంచి రావడానికి రెండు గంటలు పట్టింది. పిల్లలు సణిగారు. నేను 23వ కీర్తన గురించి ఆలోచిస్తూ నడిచాను. ఆ కీర్తనలో మార్గాలు అని మనం చదివే చోట హెబ్రీ మాటకు బండి చక్రాలు పోయి పోయి అరిగిన జాడ అనే అర్థం కూడా ఉందని మా గురువుగారు చెప్పేవారు. కాపరి కొత్త దారి కనిపెట్టడట. ముందు పోయినవాళ్ళ జాడ పట్టుకుంటాడు. మా సహోదరుడూ అదే చేశాడు. బండ మీద మేక పెంటికలు కనిపించిన వైపే నడిపించాడు. మేక పోయిన చోటికి మనిషి పోవచ్చునన్నది అతని లెక్క.

ఆ సాయంత్రం పెద్ద దొన దగ్గర ఆగాం. పిల్లలు కాళ్ళు ముంచారు. నీళ్ళలో వెంట్రుకంత కాళ్ళు ఆడిస్తూ, వెల్లకిలా ఈదే చిన్న చిన్న జీవులు కనపడ్డాయి. రొయ్యపిల్లల్లాగా ఉన్నాయి. సహోదరుడు చెప్పాడు: "ఎండాకాలం ఈ దొన సున్నం బట్టీ మాదిరి ఉంటింది. చుక్క ఉండదు. వాన పడిన పది దినాలకు ఇవి వచ్చేస్తాయి. యాడ నుంచి వస్తాయో మాకు తెలిసేది కాదు. వానతో పడతాయి అనుకునేవాళ్ళం." జువాలజీ చదివే అమ్మాయి వివరం చెప్పింది. ఇవి రొయ్యలకు దూరపు చుట్టాలు. నీళ్ళు ఎండిపోయే ముందు గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు అడుగు మట్టిలో పూర్తిగా ఎండిపోయి, ఎండకు కాగి, ఏళ్ళ తరబడి అట్లాగే ఉండగలవు. నీరు తగిలితే లేస్తాయి. ఒకే వానకు అన్నీ లేవవు, కొన్ని మాత్రమే లేస్తాయి, తక్కినవి ఇంకో వాన కోసం ఆగుతాయి. మొదటి వాన మోసం చేసినా జాతి నిలవాలి కదా.

సహోదరుడు ఏమీ అనలేదు. దోసిట్లో నీళ్ళు తీసుకుని చాలాసేపు చూశాడు.

రాత్రి పిల్లలు పడుకున్నారు. చలి. మంట ముందు మేమిద్దరం. అప్పుడు అడిగాడు, "అయ్యగారూ, బండ కింద నీళ్ళుండాయంటారా?"

ఈ ప్రశ్నకు వాక్యం చెప్పడం తేలిక. నిర్గమకాండం 17 ఉంది, సంఖ్యాకాండం 20 ఉంది. కానీ అతడు అడిగింది హోరేబు బండ సంగతి కాదు, అతని పొలం సంగతి. గ్రానైటు రాయిలో నీళ్ళుండవు, రాయిలోని చీలికల్లో ఉంటాయి, లోతుకు పోయేకొద్దీ చీలికలు మూసుకుపోతాయి. ఇది నాకంటే అతనికే బాగా తెలుసు. అదే అన్నాను. తల ఊపాడు. మూడో బోరు వేసిన రాత్రి సంగతి చెప్పాడు. కొబ్బరికాయ చూసినాయన చూపించిన చోటే వేశారు. వెయ్యి అడుగులు దాటినా తెల్ల పొడి తప్ప తడి లేదు. ఆ పొడి అతని మీద, చెట్ల మీద, పసి బిడ్డ ఉయ్యాల మీద పడింది. బోరు బండి వాళ్ళు పైపులు ఎత్తుకుని పోయారు. అప్పటి నుంచి రాత్రిళ్ళు పోయి కేసింగ్ పైపుకు చెవి పెట్టి వింటాడట. "ఏం వినపడతాది?" అన్నాను. "గాలి" అన్నాడు.

నేను నేరుగానే అడిగాను. "చచ్చిపోవాలనిపించిందా?"

ఇట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు. పుట్టదు. ఉన్నది బయటికి వస్తుంది. వచ్చింది. రెండుసార్లు అన్నాడు. మందు డబ్బా ఎక్కడ పెట్టాడో కూడా చెప్పాడు. ఆ తరువాత చాలాసేపు ఏడ్చాడు. నేను భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ప్రార్థన చేశాం, పొడుగు ప్రార్థన కాదు. ఆ తరువాత ఏలీయా రొట్టె సంగతి చెప్పాను, మిగిలిన ఒక రాగి రొట్టె ఇద్దరం పంచుకున్నాం. ఇట్లాంటి ఆలోచన వచ్చినవాడు విశ్వాసం పోగొట్టుకున్నవాడని మన సంఘాల్లో అనేస్తారు. ఏలీయా పోగొట్టుకున్నాడా? ఆ మాట ఇంకెవరి నోటా నేను వినదలుచుకోలేదు, దయచేసి.

మూడో రోజు హార్స్లీ కొండ ఎక్కాం. పైకి పోయేకొద్దీ చెట్లు, చల్లదనం. పసుపు గొంతు పిగిలిపిట్టను పిల్లలు చూశారు. ఈ పిట్ట దక్షిణ భారతంలోని ఇట్లాంటి రాతి కొండల్లో తప్ప ఎక్కడా ఉండదు, హార్స్లీ కొండ, రిషి వ్యాలీ దానికి పేరున్న చోట్లు. పైన 1859లో నాటిన పెద్ద యూకలిప్టస్ చెట్టు ఉంది, కల్యాణి అంటారు, దాని కింద కూర్చుని బొరుగులు తిన్నాం. చివరికి గాలి బండ. పేరు పెట్టినవాళ్ళు సరిగ్గానే పెట్టారు. అక్కడ ఒకరి మాట ఒకరికి వినపడదు. సహోదరుడు నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు, "ఇంటికి పోయినాక మా ఆమెకు చెప్తా."

ఏలీయా కథలో నన్ను పట్టుకునేది ఇంకొకటుంది. గాలి, భూకంపం, అగ్ని, ఆ తరువాత మెల్లని స్వరం, అన్నీ అయ్యాక దేవుడు ముందు అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడిగాడు. ఏలీయా కూడా ముందు చెప్పిన జవాబే చెప్పాడు, మాట పొల్లు పోకుండా. అంత చూసినా అతని బాధ ఒక్క మాట కూడా మారలేదు. దేవుడు దానికి కోపగించుకోలేదు. పని ఇచ్చి, వచ్చిన దారినే వెనక్కి పంపాడు. కొండ దిగి వెళ్ళి అతడు మొదట కలిసింది ఎవరినంటే, పొలం దున్నుతున్న ఎలీషాను.

దిగివచ్చిన రాత్రే అతడు భార్యకు చెప్పాడు. తెల్లారి పురుగుమందు డబ్బాలన్నీ నేను మోపెడ్ మీద మా ఇంటికి తెచ్చి తాళం వేశాను. అతని బావమరిది, నేను కలిసి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. మాత్రలు వాడుతున్నాడు, నిద్ర పడుతోంది. అప్పు ఇచ్చినవాళ్ళతో సంఘ పెద్దలు ఇద్దరు కూర్చుని మాట్లాడారు, వడ్డీ మీద కొంత ఒప్పుకున్నారు, కొంత ఒప్పుకోలేదు. ఆ బేరం ఇంకా నడుస్తోంది. నాలుగో బోరు వేయనని భార్య ముందు మాట ఇచ్చాడు. ఈ ఏడు టమోటా లేదు, వానకు రాగి, చెనిక్కాయ వేస్తాడు. అంతవరకు నారు పెంచే నర్సరీలో కూలికి పోతున్నాడు. సొంత భూమి ఉన్నవాడు కూలికి పోవడం మా ఊళ్ళో ఎంత కష్టమో మీకు తెలుసు. పోతున్నాడు.

మూడో బోరు గొట్టానికి మూత బిగించాం, పిల్లలు పడకుండా. మీ పొలాల్లో ఎండిన బోర్లు తెరిచి ఉంటే ఈ వారమే మూయండి.

మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఎవరైనా ఇట్లా నిద్ర లేక, తిండి లేక, మాట లేక ఉంటే నాకు ఫోన్ చేయండి, రాత్రయినా సరే. నాతో మాట్లాడడం మొహమాటమైతే ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఆ సహోదరుని కుటుంబాన్ని ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. ఎవరని ఆరా తీయకండి.

మళ్ళీ వానలు పడి దొనలు నిండాక, నవంబరులోనో డిసెంబరులోనో, ఇంకోసారి పోదామని పిల్లలు అడుగుతున్నారు. దారి చూపడానికి సహోదరుడు ఒప్పుకున్నాడు. వచ్చేవాళ్ళు పేర్లు ఇవ్వండి, పదిమందికి మించి తీసుకుపోను. హవాయి చెప్పులతో మాత్రం రావద్దు.